ప్లాస్టర్‌లో బుడిపె

హెర్న్‌డన్, వర్జీనియా
2 జనవరి 1984

చి. సౌ. విద్యకు,

నానమ్మ దీవెనలు. నువ్వు విమానమెక్కి నాలుగు రోజులైంది. పళ్ళ అచ్చు తియ్యడానికి నువ్వు పెట్టిన ఆ పిండి వాసన నా నోట్లో ఇంకా పోలేదు. గులాబీ రంగు, పుదీనా వాసన, తడి సుద్ద రుచి. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాక ఇంత కొత్త రుచి చూస్తాననుకోలేదు. ఊపిరాడక నేను గింజుకుంటుంటే కుడికాలు పైకెత్తమన్నావు చూడు, అది ఏ పుస్తకంలో ఉందో గాని పనిచేసింది. కాలు మీద ధ్యాస పడి కక్కు రాలేదు.

ఈ దేశంలో పళ్ళ డాక్టరు లైసెన్సు పరీక్షకు ఎవరి రోగిని వాళ్ళే వెంటబెట్టుకు వెళ్ళాలంటే మొదట నమ్మలేదు. ముప్పై ఏళ్ళు గుంటూరులో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ పెట్టినదాన్ని. పరీక్షకు సాల్ట్ మేమే ఇచ్చేవాళ్ళం, ఇంటినుంచి పొట్లం కట్టుకు రమ్మనలేదు. సరే, నా అదృష్టం కొద్దీ విరిగిన పళ్ళు రెండున్నాయి, ఎడమదొకటి, కుడిదొకటి. రెండింటికీ తొడుగు వెయ్యాలన్నావు. ఎడమదానితో మార్చిలో పరీక్ష రాసుకో. కుడిది అందాకా కూర్చుని ఉంటుంది.

ఆ రోజు నువ్వు నా నోట్లోంచి అచ్చు తీశావో లేదో పక్క వీధి బాలమణి కుటుంబం అంతా దిగబడ్డారు. ఫోను చేసి రావడం వాళ్ళకు చిన్నతనం కాబోలు. మీ మీనా పిన్ని ఆఫీసులో ఉంది. నువ్వు అచ్చును తడి టవల్లో చుట్టి, చేతులు కడుక్కుని కాఫీలు కలిపావు. ఉప్మా బాగుందని బాలమణి రెండుసార్లు పెట్టించుకుంది. నీ చేతి కాఫీ కూడా బాగుంది.

మీ బాబాయి కృష్ణమూర్తి మంచు ఎత్తీ ఎత్తీ నడుం పట్టుకుని పడుకున్నాడు. ఆ పిండి పేరేమిటో రాయి. తిన్నంత పని చేశాక పేరైనా తెలియాలి కదా.

నానమ్మ


ఇర్వింగ్, టెక్సస్
20 జనవరి 1984

నానమ్మకు నమస్కారాలు.

ఆ పిండి పేరు ఆల్జినేట్. సముద్రపు నాచు నుంచి తీస్తారు. నీళ్ళు పోసి కలిపితే మూడు నిమిషాల్లో జెల్లీలా గట్టిపడుతుంది. నువ్వు కెమిస్ట్రీ మేడమ్‌వి, నీకు నేను చెప్పాలా? అందులో ఎక్కువ భాగం నీళ్ళే. గాలికి వదిలేస్తే ఆరి కుంచించుకుపోతుంది, నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. అందుకే తీసిన పది నిమిషాల్లో ప్లాస్టర్ పోసేయాలంటారు. మనది తడి టవల్లో ఉంది కాబట్టి ఏం కాలేదులే. అచ్చు బాగానే వచ్చింది. దాని మీద నీ పళ్ళ కొలతకి ఒక ట్రే, అంటే అచ్చు ముద్దని పట్టి ఉంచే పళ్ళెం లాంటిది, చేశాను. పరీక్ష రోజు అసలు అచ్చు ఆ ట్రేలోనే తీస్తాను.

ఇక్కడ సంగతులేం లేవు. డిగ్రీ మళ్ళీ రెండేళ్ళు చదివి పాసైనా లైసెన్స్ లేనిదే ఎవరి నోట్లోనూ వేలు పెట్టకూడదు. అందుకని పొద్దున ఏడింటి నుంచి డెంటల్ ల్యాబ్‌లో ఇంకొకళ్ళు తీసిన అచ్చుల్లో ప్లాస్టర్ పోస్తున్నాను. జుట్టంతా తెల్లగా అవుతోంది. మొన్న మా ఆయన శ్యామ్‌సుందర్ "నీకప్పుడే నెరిసిందేంటి?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బాగా అలిసిపోయాను నానమ్మా.

మార్చి టికెట్ బుక్ చేశాను. కుడివైపు ఎలా ఉంది?

విద్య


హెర్న్‌డన్
1 ఏప్రిల్ 1984

చి. సౌ. విద్యకు,

డాలస్ నుంచి క్షేమంగా చేరాను. విమానంలో పక్కనున్న అమెరికన్ ఆవిడ ఎందుకు వెళ్ళొస్తున్నారని అడిగింది. పరీక్ష రాసి వస్తున్నానన్నాను. దేంట్లో అంది. నోరు తెరవడంలో అన్నాను. ఆ తర్వాత పలకరించలేదు.

నువ్వు వాడిన ఆ గోధుమరంగు రబ్బరు ముద్ద గురించి ఒక్కమాట. మా కాలేజీ ల్యాబులో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తయారుచేసే గాజుబుడ్డి ఒకటి ఉండేది. దాని మూత తీస్తే వరండా అంతా కుళ్ళిన గుడ్ల కంపు. ఆడపిల్లలు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. నేను మటుకు పెట్టుకోలేదు, లెక్చరర్ని కదా. ఆ ఉద్యోగ ధర్మం ఇన్నేళ్ళ తర్వాత నీ కుర్చీలో పనికొచ్చింది. పది నిమిషాలు! నోట్లో ఆ కంపు పెట్టుకుని, కప్పు మీద చిల్లులున్న పలకలు లెక్కపెట్టాను. నూట పన్నెండు.

ట్రే నా పళ్ళ మీద కూర్చోవడానికి కాస్త మొరాయించింది. నువ్వు రెండుసార్లు నొక్కావు. నీ మొహం చూశాను. నోరు తెరిచే ఉంది గాని మాట్లాడే వీలు లేదు.

ఆ పరీక్షాధికారి అచ్చును దీపానికి అడ్డంపెట్టి అటూ ఇటూ తిప్పాడు. నేను కూడా అలాగే పరీక్షనాళికలు తిప్పేదాన్ని. పిల్లలు నా మొహంకేసి చూసేవాళ్ళు. ఆ చూపు ఎలా ఉంటుందో ఇప్పుడు కుర్చీలో పడుకుని తెలుసుకున్నాను.

ఫలితం రాగానే రాయి. మంచైనా, చెడైనా.

నానమ్మ


ఇర్వింగ్
9 మే 1984

నానమ్మా,

పాస్ కాలేదు. వారం క్రితమే తెలిసింది. రాయడానికి చేయి రాలేదు. అచ్చులో పన్ను అంచు లాగేసినట్టు వచ్చిందట. తప్పు నా చేతిదే. వణికింది. నీ ఎడమ పన్ను తొడుగు ఎలాగూ నువ్వు ఇక్కడ ఉండగానే కాలేజీలో మా ప్రొఫెసర్ పూర్తిచేశారు కాబట్టి నీకు నష్టం లేదు, అదొక్కటే నయం.

సెప్టెంబర్‌లో మళ్ళీ ఉంది. ఈసారి నీ కుడి పన్ను. అదీ తప్పితే తిరిగి కాలేజీలో చేరి కోర్సు చేసి రావాలి. ఇక చేరను నానమ్మా. ఇండియాలో నాలుగేళ్ళు, ఇక్కడ రెండేళ్ళు. మూడోసారి అదే పుస్తకం తెరవలేను. శ్యామ్‌కి చెప్పేశాను, సెప్టెంబరే ఆఖరు, కాకపోతే ల్యాబ్‌లో ప్లాస్టర్ పోసుకుంటూ ఉండిపోతానని. "సరే, నీ ఇష్టం," అన్నాడు. కాసేపు పోట్లాడి ఉంటే బాగుండేదనిపించింది.

కుడి పన్నుని జాగ్రత్తగా చూసుకో. అది నొప్పి, వాపు లేకుండా ఉండాలి. ముందే పరీక్ష చేసి చీము గీము ఉంటే పేషెంట్‌ని వెనక్కి పంపేస్తారు.

విద్య


హెర్న్‌డన్
3 జూన్ 1984

చి. సౌ. విద్యకు,

చేయి వణికిందని రాశావు. కుర్చీలో నీ చేతి కిందే పడుకున్నాను, వణకలేదు. సరే, నీ చేయి, నీ ఇష్టం.

మా కాలేజీలో ఒక పిల్ల ప్రాక్టికల్స్‌లో మూడుసార్లు తప్పింది. నాలుగోసారి పాసై బ్యాంకులో చేరింది. కెమిస్ట్రీతో మళ్ళీ పని పడలేదు. ఇది నిన్ను ఓదార్చడానికి రాయలేదు, గుర్తొచ్చి రాశాను.

పని మాట్లాడదాం. కొత్త ట్రేకి కొత్త అచ్చు కావాలి కదా. దానికోసం నువ్వు ఇక్కడికి రానక్కర్లేదు. ఆ పిండి, ఒక ట్రే, కాస్త ప్లాస్టర్ పార్సెల్లో పంపు. నా పళ్ళ అచ్చు నేనే తీసి, ఇక్కడే ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక పంపిస్తాను. ప్లాస్టర్ ఆరిపోదు, ఉబ్బదు, కాఫీలు కలపమని దాన్ని ఎవరూ వంటింట్లోకి పిలవరు.

నవ్వకు. నేను చెయ్యగలను.

కుడి పన్ను బాగానే ఉంది. జంతికలు మానేశాను, అంతే.

నానమ్మ


ఇర్వింగ్
8 జులై 1984

నానమ్మా,

నవ్వలేదు. ల్యాబ్‌లో మా సూపర్వైజర్‌కి చెప్తే ఆవిడ నవ్వింది. తర్వాత ఒక డబ్బా ఊరికే ఇచ్చింది, "మీ గ్రాండ్‌మదర్‌కి నా తరఫున" అని.

డబ్బాని తలకిందులుగా రెండుసార్లు కుదిపి తెరువు. రెండు చెంచాల పిండికి రెండు కొలతల నీళ్ళు. గిన్నె అంచుకేసి రుద్దుతూ కలుపు, లేకపోతే గాలి బుడగలు పడతాయి. అచ్చులో బుడగ ఉంటే ప్లాస్టర్ అందులోకి దిగి బుడిపెలా వస్తుంది. తీసేటప్పుడు మెల్లగా కాకుండా ఒక్క ఊపున లాగు. ఉమ్ము కడిగి వెంటనే ప్లాస్టర్ పోసి గంట ఆగు. మీనా పిన్నిని పక్కన ఉండమను.

మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చారు. ఆరు నెలలు ఉంటారు. నా చేతులు చూసి మొదటిరోజే "ఏంటమ్మా, డాక్టరు చదివి సున్నం పనికి పోతున్నావా?" అన్నారు.

విద్య


హెర్న్‌డన్
29 జులై 1984

చి. సౌ. విద్యకు,

పని పూర్తయింది. మొదటిది గిన్నెలోనే గట్టిపడింది. నీ చీటీలో తప్పు లేదు. వర్జీనియా జులైలో కుళాయి నీళ్ళు గోరువెచ్చగా వస్తాయి, వెచ్చటి నీళ్ళకి ఏ చర్యైనా త్వరపడుతుంది. బోర్డు మీద వందసార్లు రాసి చెప్పినదాన్నే మర్చిపోయాను. రెండోసారి ఫ్రిజ్‌లో నీళ్ళు పోశాను. లెక్కగా మూడున్నర నిమిషాలు. మీనా కోడిగుడ్లకి పెట్టే టైమర్ పట్టుకుని ఎదురుగా నిలబడి "అత్తయ్యా, ఊపిరి తీసుకోండి!" అని అరుస్తూనే ఉంది. ఊపిరి నాదైనా ఆయాసం తనకొచ్చింది. కృష్ణమూర్తి తలుపు సందులోంచి చూసి మళ్ళీ కనబడలేదు. వంటింట్లో కుర్చీలో కూర్చుని కుడికాలు పైకెత్తి, నోట్లోంచి హ్యాండిల్ బయటికొచ్చి ఉన్న తల్లిని చూసి కొడుకు మాత్రం ఏం చేస్తాడు?

తలుపు గడియ ముందే పెట్టించాను. ఎవరొచ్చినా తియ్యొద్దన్నాను.

ప్లాస్టర్ అచ్చు దూదిలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టి పంపుతున్నాను. కుడి పన్ను పక్కన చిగురు మీద ఒక చిన్న బుడిపె ఉంటుంది. అది నా కలపడంలో వచ్చిన గాలి బుడగ. పట్టించుకోకు.

మీ అత్తగారు రాధారాణి గారికి నా నమస్కారాలు. సున్నం పని లేకపోతే ఆవిడ ఉన్న ఇల్లు కూడా లేవదని చెప్పు. వద్దులే, చెప్పకు. నువ్వు అక్కడ ఉండాల్సినదానివి.

నానమ్మ


ఇర్వింగ్
6 ఆగస్టు 1984

నానమ్మా,

అది గాలి బుడగ కాదు.

రోజుకి నలభై అచ్చులు పోస్తాను. బుడగ నుంచి వచ్చిన బుడిపె పూసలా గుండ్రంగా ఉంటుంది, గోటితో గిల్లితే ఊడొచ్చేస్తుంది. నీది ఊడలేదు. చిగురులోంచి మెల్లగా లేచి మధ్యలో మొనదేలి ఉంది. అది చీముగడ్డ. అంత స్పష్టంగా అచ్చు తీశావు నానమ్మా, మా కాలేజీలో ఎవరూ అంత బాగా తియ్యలేదు. నీ ఉత్తరాల్లో ఎన్నాళ్ళుగానో దాస్తున్నది అందులో చూశాను.

ఇప్పుడే బాబాయికి ఫోన్ చేశాను. మీనా పిన్ని లైన్లోకి వచ్చి నువ్వు ఏప్రిల్ నుంచి లవంగ నూనె సీసాలు తెప్పించుకుంటున్నావని చెప్పింది. "పులిహోరలోకి అన్నారు," అంది పాపం. లవంగ నూనె పులిహోరలోకా! రేపు బాబాయి నిన్ను డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్తాడు. నా పరీక్ష సంగతి ఆ డెంటిస్ట్ దగ్గర ఎత్తకు. ఎత్తితే నీతో మాట్లాడను.

ఎందుకు చేశావిలా? నాకు పేషెంట్ దొరకదనేగా? దొరకదు. ఇక ఐదు వారాలుంది. అయినా సరే. నీ నొప్పి మీద నాకు లైసెన్స్ వద్దు.

విద్య


హెర్న్‌డన్
14 ఆగస్టు 1984

చి. సౌ. విద్యకు,

పన్ను పీకేశారు. వేరు వరకు పాడైందట, నిలబెట్టడానికి ఆలస్యమైందన్నాడు డాక్టరు. పసిపిల్లకి చెప్పినట్టు ఐస్‌క్రీం తినమన్నాడు. తిన్నాను. నాలుగు నెలల తర్వాత నిద్రపట్టింది. లేచేసరికి మధ్యాహ్నం రెండు. నీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, ఓపిక లేక మానుకున్నాను.

ఎందుకు చేశానని అడిగావు. దానికి ముందు నేనొకటి చెప్పాలి.

డిసెంబర్‌లో ఆ రోజు నువ్వు అచ్చు తీసి ప్లాస్టర్ డబ్బా అందుకోబోతుంటే నిన్ను పిలిచింది నేను. బాలమణి కాదు. "వాళ్ళొచ్చి కూర్చున్నారు, నువ్వు ఆ పిండి పట్టుకుని తిరుగుతుంటే ఏం బాగుంటుంది, ముందు కాఫీ ఇయ్యి," అన్నాను. నువ్వు "పది నిమిషాలు నానమ్మా" అన్నావు. నేను కళ్ళతోనే కసిరాను. తర్వాత ఉప్మా. తర్వాత బాలమణి మనవరాలికి బొట్టుపెట్టి జాకెట్టు గుడ్డ ఇవ్వడం. వంటింట్లో గడియారం నా ఎదురుగానే ఉంది. నువ్వు ప్లాస్టర్ పోసేసరికి రెండు గంటల నలభై నిమిషాలు. నువ్వు జనవరిలో ఆల్జినేట్ గురించి రాసిన ఉత్తరం చదివి, ఆ గడియారం కేసే చూశాను. జెల్ ఆరితే ఏమవుతుందో పాఠం చెప్పి బతికినదాన్ని నేను. మార్చిలో ట్రే బిగుతుగా ఉన్నప్పుడే ఆ అచ్చు కుంచించుకుపోయిందని తెలిసిపోయింది. నువ్వు చేయి వణికిందని రాశావు.

నా మర్యాద కోసం నీ పరీక్ష పోయింది. ఒక పన్ను నొప్పి ఓర్చుకోవడం దానిముందు ఏపాటిది అనుకున్నాను. ఓర్చుకున్నందుకు చివరికి ఆ పన్నూ పోయింది, నీకు రోగీ పోయింది. పెద్ద చదువు చదివాను, చూశావా?

ఏం చెయ్యమంటావో చెప్పు. నోట్లో ఇంకా ఇరవై రెండున్నాయి. ఏదైనా ఒకటి విరగ్గొట్టుకోమంటే గట్టి చేగోడీలు చేయిస్తాను.

నానమ్మ


ఇర్వింగ్
7 అక్టోబర్ 1984

నానమ్మా,

నీ ఆగస్టు ఉత్తరానికి జవాబు ఇన్నాళ్ళు రాయలేదు. ముందు జరిగింది రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు ల్యాబ్ నుంచి వచ్చి వంటింట్లో కింద కూర్చుండిపోయాను. అత్తయ్యగారు కూర తరుగుతున్నారు. "ఏమైందమ్మా?" అన్నారు. చెప్పాను, పేషెంట్ లేదు, పరీక్ష లేదని. ఆవిడ కత్తిపీట పక్కనపెట్టి, చేతులు తుడుచుకుని, పొయ్యి మీద లైట్ వేసి, దాని కింద నోరు తెరిచి నిలబడ్డారు. "చూడు, ఇదేమైనా పనికొస్తుందేమో. పోకచెక్క కొరికి మొన్న మాఘంలో విరిగింది." నేను చూశాను. పనికొస్తుంది! ఎన్ని రోజులుగా రెండడుగుల దూరంలో తిరుగుతోంది ఆ పన్ను!

"మరి చెప్పలేదేంటి అత్తయ్యా?" అంటే, "సున్నం పనిచేసేదాన్ని పన్ను చూడమనడం బాగుండదని ఊరుకున్నా," అన్నారు. అది వెటకారమో, మర్యాదో ఇప్పటికీ తెలీదు.

ఈసారి రబ్బరు ముద్ద వాడలేదు. కొత్తగా వచ్చిన సిలికోన్. రెండు రంగుల ముద్దలు పూరీపిండిలా చేత్తో కలిపితే గట్టిపడుతుంది. వాసన లేదు, కుంచించుకుపోదు, వారం తర్వాత పోసినా పన్ను ఎలా ఉందో అలాగే వస్తుంది. ఒకటే గొడవ, కొంతసేపు హైడ్రోజన్ వదులుతూ ఉంటుంది, అది పోయేదాకా ప్లాస్టర్ పోయకూడదు. నేను కలుపుతుంటే అత్తయ్యగారు కుర్చీలోంచే "ఇంకాస్త మర్దించు, చారలు కనిపిస్తున్నాయి," అన్నారు. పరీక్షాధికారికి తెలుగు రాకపోవడం నా అదృష్టం.

ఆయన అచ్చుని లైట్ దగ్గర పెట్టి చాలాసేపు చూశాడు. అంచు మొత్తం వచ్చింది.

నిన్న కవరు వచ్చింది. పాసయ్యాను నానమ్మా. సంతోషపడదామని కూర్చుంటే నిద్ర ముంచుకొచ్చింది. పన్నెండు గంటలు పడుకున్నాను.

ఇక డిసెంబర్‌లో ఆ రోజు సంగతి. అచ్చు ఆరిపోయిందని నాకూ తెలుసు. కొత్తది తియ్యడానికి పిండి ఉంది, టైముంది. కానీ మళ్ళీ తీస్తానంటే ఎందుకని అడుగుతావు, నీ మొహం చిన్నబోతుంది. అందుకని బాగానే వచ్చిందన్నాను. నువ్వు పిలిచావు, నిజమే. మళ్ళీ తీస్తానని అడగాల్సినది నేను అడగలేదు. సగం నాది.

విద్య


హెర్న్‌డన్
15 అక్టోబర్ 1984

చి. సౌ. విద్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీనాకి ఒకసారి చదివి వినిపించాను, కృష్ణమూర్తికి విషయం మాత్రం చెప్పాను. వాడు కళ్ళు తుడుచుకుని, చలికాలం వస్తోంది, మంచెత్తే పార ఎక్కడ పెట్టామని అడిగాడు.

సగం నీదన్నావు. ఇవ్వను. ఆ రోజు పెద్దదాన్ని నేను.

రాధారాణి గారికి వేరే ఉత్తరం రాశాను. నా పన్ను చెయ్యలేని పని ఆవిడ పన్ను చేసినందుకు కృతజ్ఞతలు చెప్పాను. రాయడానికి నాలుగు కాగితాలు చించాల్సి వచ్చింది.

ఇక్కడి డాక్టరు పీకిన చోట కట్టుడు పన్ను పెడతానంటున్నాడు. అక్కర్లేదన్నాను. మా మనవరాలు డాక్టరు, తనే పెడుతుంది అన్నాను. "ఎప్పుడు?" అన్నాడు. తనకి తీరినప్పుడు అన్నాను. ఎడమవైపు నములుతున్నాను, మరీ ఆలస్యం చెయ్యకు.

డబ్బాలో పిండి కొంచెం మిగిలింది. నిన్న మళ్ళీ అచ్చు తీసి పంపుతున్నాను, ఖాళీతో సహా. చిగురు మానింది, నువ్వే చూస్తావు. ఖాళీకి వెనక, చివరి పన్ను మీద ఒక చిన్న పూస ఉంది. అది నిజంగా గాలి బుడగే. నమ్మకం లేకపోతే గోటితో గిల్లి చూసుకో.

నానమ్మ